బస్సు అక్కర్లేని ఇల్లు

సర్వే అమ్మాయి వచ్చిన ఆదివారం పొద్దున సాయిసుధ ఇడ్లీకి మినప్పప్పు రుబ్బుతోంది. పిండి నురగలా పైకి తేలేదాకా గ్రైండర్ వదిలి కదలకూడదని అత్తగారు కాంతమ్మ పెట్టిన నియమం. హాల్లో ఆ అమ్మాయి ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని హిందీలో ఏవో అడుగుతోంది. సుధ భర్త రఘువీర్ సోఫాలో వెనక్కి వాలి తాపీగా జవాబులు చెబుతున్నాడు. గ్రైండర్ మోతలో సుధకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. కారు ఉందా, ఎన్ని, ఆఫీసు ఎక్కడ, వెళ్లడానికి ఎంతసేపు.

కాసేపటికి ఆ అమ్మాయి మంచినీళ్ల కోసం వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "దీదీ, మిమ్మల్ని కూడా రెండు ప్రశ్నలు అడగాలి," అంది. సుధ చేతులు మణికట్ల దాకా పిండి. స్టవ్ మీద చట్నీకి పోపు మాడబోతోంది. "ఆయన్నే అడిగేసెయ్యమ్మా," అంది తలతిప్పకుండా. అమ్మాయి నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ద్వారక సెక్టార్లు అయిపోయాక, ఆవాల చేలు పోయి టవర్లు లేచిన చోట ఉంది వాళ్ల సొసైటీ. ఆ ఫ్లాటుని ఎంచింది రఘువీరే. ఎక్స్‌ప్రెస్ హైవే ఎక్కితే గుడ్‌గావ్‌లో అతని ఆఫీసు ఇరవై నిమిషాలు. మెట్రో రెండేళ్లలో వస్తుందని బ్రోషర్‌లో రంగుల గీత గీసి ఉంది. ఆరేళ్లయింది, ఆ గీత బ్రోషర్‌లోనే ఉంది. దగ్గర్లోని మెట్రో స్టేషన్ ఏడు కిలోమీటర్లు. బజారు లేదు, ఆస్పత్రి లేదు, గేటు దాటితే నడవడానికి ఫుట్‌పాత్ లేదు. ఉన్నదల్లా ఒక్క బస్సు. టవర్ల ముందు నుంచి బయల్దేరి, మధ్యలో నాలుగు పాత ఊళ్లు చుట్టి, చారిటీ ఆస్పత్రి గేటు ముందు దింపేది. అందరూ దాన్ని ఆస్పత్రి బస్సు అనే పిలిచేవాళ్లు.

ఆ బస్సే లేకపోతే సుధకి ఉద్యోగం లేదు. కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఫస్టు క్లాసులో పాసైన మనిషి పదకొండేళ్లు ఆ సర్టిఫికెట్టుని బీరువాలో పట్టుచీరల కింద దాచుకుంది. కూతురు ఇషితకి పదేళ్లు నిండాక, ఆస్పత్రి వాళ్ల ప్రకటన చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. "వెళ్లు, కాస్త టైంపాస్ అవుతుంది," అన్నాడు రఘువీర్. "జీతం కోసమా, ఊళ్లో వాళ్ల నెత్తురు చూడ్డం కోసమా అమ్మాయ్?" అంది కాంతమ్మ. ఆ రెండు మాటలనీ సుధ అనుమతి కిందే లెక్కేసుకుంది. అప్పటి నుంచి నాలుగున్నరకి లేచి, ముగ్గురికీ మూడు రకాల టిఫిను చేసి, అత్తగారి మాత్రలు డబ్బీలో సర్ది, వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి, ఆరేసి, ఏడున్నరకి గేటు దగ్గర నిలబడేది. బస్సులోంచి ముందుగా ఆ ఊళ్లనుంచి టవర్లలో పనికొచ్చేవాళ్లు దిగేవారు. టవర్లలో గిన్నెలు తోమే కమల దిగుతూ దిగుతూ తన కిటికీ సీటు మీద చున్నీ వేసి ఉంచేది. "కూర్చో దీదీ, వెచ్చగా ఉంది," అనేది. రోజు మొత్తంలో సుధ కోసం ఎవరైనా ఏదైనా ఆపి ఉంచారంటే అది ఆ సీటు ఒక్కటే.

ఇక ల్యాబ్. మైక్రోస్కోపు మీదికి వంగితే చాలు, వెలుగు గుండ్రంలో గులాబీ రంగు కణాలు. అక్కడ ఆమెని "సుధా, నా సాక్సులేవి" అని పిలిచేవాళ్లు లేరు. జ్వరంతో వచ్చిన మనిషి నెత్తుటి చుక్కలో మలేరియా పురుగుని ముందుగా పట్టుకునేది ఆమె కన్నే. రిపోర్టు కింద సంతకం డాక్టరుది. పండక్కి బంధువులు వస్తే "మా కోడలు ఆస్పత్రిలో ఏదో చేస్తుంది" అనేది కాంతమ్మ. ఏం చేస్తుందో నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఇషిత తప్ప. దసరా సెలవుల్లో ఒకరోజు వెంట వచ్చి, తన వేలినే సూదితో పొడిపించుకుని, అద్దం కింద తన నెత్తుటిని తనే పావుగంట చూసింది. "మమ్మా, యే సబ్ మేరే అందర్ హై?" అంది. ఇదంతా నా లోపలే ఉందా అని. పదకొండో తరగతిలో బయాలజీ తీసుకుంటానని బస్సులో తిరిగొస్తూ చెప్పింది. బయాలజీ ఉన్న స్కూలు కూడా ఆ బస్సు దారిలోనే, ఆస్పత్రికి రెండు స్టాపుల ముందు.

జనవరిలో స్టాపు స్తంభానికి ఒక కాగితం అంటించారు. ప్రయాణికుల అవసరాన్ని బట్టి బస్సు మార్గాలను సవరిస్తున్నామనీ, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలనీ హిందీలో ఉంది. కింద రద్దయ్యే మార్గాల పట్టికలో ఆస్పత్రి బస్సు నాలుగోది. సుధ మంచులో నిలబడి రెండుసార్లు చదివింది.

ఆ వారం ఆమె ఎప్పుడూ చేయని పని చేసింది. నోట్‌బుక్కు పట్టుకుని బస్సులో సీటు సీటుకీ తిరిగింది. నర్సులు, కాలేజీ అమ్మాయిలు, డయాలిసిస్‌కి వెళ్లే ముసలావిడ, గిన్నెలు తోమేవాళ్లు. సంతకం రానివాళ్లచేత కమల దగ్గరుండి వేలిముద్రలు వేయించింది. నూట అరవై మూడు పేర్లయ్యాయి. సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టమని రఘువీర్‌ని అడిగింది. ఆ గ్రూపులో ఫ్లాటు ఓనర్లే ఉంటారు, ఫ్లాటు అతని పేరున ఉంది. పెట్టాడు. పది నిమిషాల్లో జవాబులు. "గేటు దగ్గర జామ్ అయ్యేదే ఆ బస్సు వల్ల. పోతే మంచిదే." దాని కింద వరసగా బొటనవేళ్లు.

"మెజారిటీ అలా ఉంది మరి. నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు ఫోన్ చూపిస్తూ.

"ఆ బొటనవేళ్లలో ఒక్కరైనా బస్సు ఎక్కినవాళ్లున్నారా అండీ?"

"అదే కదా వాళ్లు చెప్పేది. ఎక్కేవాళ్లు లేరనే."

పదమూడో రోజు సగం రోజు సెలవు పెట్టి, రెండు ఆటోలు మారి రవాణా ఆఫీసుకి వెళ్లింది. అభ్యంతరాలు తీసుకునే అధికారి పేరు ఉమాశంకర్. నెరిసిన జుట్టు, మెడకి మఫ్లరు. కూర్చోమని చెప్పి టీ తెప్పించాడు. నోట్‌బుక్కు మొత్తం పేజీ పేజీ తిప్పి చూశాడు. విసుక్కుని ఉంటే సుధకి కొంత తేలిగ్గా ఉండేదేమో.

"మేడమ్, వీళ్లలో చాలామంది మా సర్వే పరిధిలో లేరు," అన్నాడు. "పాత ఊళ్లవాళ్లు. ఈ విడతలో ప్లాన్డ్ హౌసింగ్ మాత్రమే చేశాం. మీ సొసైటీలో ఇంటింటికీ వెళ్లాం. నాలుగు వందల పన్నెండు ఇళ్లు. రోజూ బస్సు వాడేవాళ్లు," అని స్క్రీన్ తనవైపు తిప్పుకుని చూసి, "ఇద్దరు," అన్నాడు.

"నేనే రోజూ మా గేటు దగ్గర పాతికమందిని చూస్తాను సార్. అందరూ మా టవర్ల ఆడవాళ్లే."

"కావచ్చు. కానీ ఇళ్లవాళ్లు చెప్పింది ఇది."

"నా ఇల్లు చూడండి. సి టవర్, తొమ్మిది వందల మూడు."

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, టైపు చేసి, స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. కుటుంబ పెద్ద: రఘువీర్. జవాబిచ్చినవారు: కుటుంబ పెద్ద. ఉద్యోగస్తులు: ఒకరు. ప్రయాణ సాధనం: సొంత కారు. భార్య: గృహిణి. రోజువారీ ప్రయాణాలు: లేవు. బస్సు అవసరం: లేదు.

సుధ ఆ వరసలను పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివింది. స్లైడు మీద ఏదైనా నమ్మశక్యం కానిది కనిపిస్తే అలాగే రెండుసార్లు చూసేది.

"ఇది నేనే సార్. ఈ గృహిణిని నేనే. నాలుగేళ్లుగా మీ బస్సెక్కుతున్నాను. ఇదిగో నా ఐడీ కార్డు."

ఉమాశంకర్ కార్డు చేతిలోకి తీసుకుని చదివి, మర్యాదగా వెనక్కి ఇచ్చాడు. "నేను నమ్ముతున్నాను మేడమ్. మా ఆవిడా ఉద్యోగం చేస్తుంది, టీచరు. కానీ డేటా లాక్ అయిపోయింది. పైకి వెళ్లింది. ఇప్పుడు మీ ఒక్క ఇల్లు మారిస్తే రెండు మూడవుతుంది, అంతే కదా?" అని, ఆమె అర్జీ మీద తేదీ ముద్ర వేసి రసీదు చేతికిచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. రఘువీర్ అప్పటికే వచ్చి టీవీ ముందున్నాడు. కాంతమ్మ, "ఇవాళ టీ నేనే పెట్టుకున్నా," అంది, ఎవరితోనూ కానట్టు. సుధ బ్యాగు దించకుండానే అడిగింది.

"సర్వేలో మీరు నేను ఉద్యోగం చెయ్యట్లేదని చెప్పారా?"

"ఏ సర్వే?"

"నవంబరులో. బస్సుల సర్వే."

అతను నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిపడింది. "ఆ, ఆ అమ్మాయా! ఇంట్లో ఎవరు పనిచేస్తారంది. నేననే చెప్పాను. అలవాటుగా వచ్చేసింది సుధా. దాచాల్సిన పనేముంది నాకు?" తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అయినా ఆ అమ్మాయి వంటింట్లోకొచ్చి నిన్నే అడిగింది కదా. ఆయన్నడుగు అన్నది నువ్వే."

అబద్ధం చెప్పి ఉంటే సుధ పోట్లాడేది. ఆ కోపం కోసం ఆఫీసు నుంచి ఇంటిదాకా వెతుక్కుంటూనే వచ్చింది. కానీ అతని మొహంలో అబద్ధం లేదు. రోజూ పొద్దున తన కళ్లముందే చెప్పులేసుకుని వెళ్లే మనిషి అతనికి నిజంగానే గుర్తు రాలేదు. నాలుగేళ్లు ఆమె వెళ్లింది, వచ్చింది, ఏ పూటా టిఫిను ఆలస్యం కాలేదు, ఏ మాత్రా తప్పలేదు. తను లేని లోటు ఎవరికీ తెలియకూడదని అంత కష్టపడింది కదా, ఎవరికీ తెలియలేదు. పైగా అడిగిన మనిషిని తన నోటితోనే పంపేసింది. పిండి చేతుల సంగతి, మాడే పోపు సంగతి ఇప్పుడెవరికి చెప్పాలి? నూట అరవై ముగ్గురిలో ఎంతమంది ఆ ఆదివారం పొద్దున వంటింట్లోంచే ఆయన్నడుగు అని ఉంటారో అనిపించింది. ఆ పాతికమంది ఆడవాళ్లూ, పాతిక గ్రైండర్ల మోత వెనకాల.

"బియ్యం కడిగి పెట్టాను," అంది కాంతమ్మ. సుధ బ్యాగు దించి వంటింట్లోకి నడిచింది.

ఫిబ్రవరి పద్దెనిమిదిన బస్సు ఆగిపోయింది. మర్నాడు సుధ ఈ-రిక్షాలో హైవే దాకా, అక్కడినుంచి షేర్ ఆటోలో ఇంకో ఊరిదాకా, ఆపైన చెత్త కాల్చే మైదానం పక్కనుంచి నడిచి, గంటా యాభై నిమిషాలకి ఆస్పత్రి చేరింది. అలా నెల లాగింది. పద్నాలుగు రోజులు లేటు. పొద్దుటి స్లైడ్లు ఎండిపోతున్నాయని పెద్ద డాక్టరు మొదట నవ్వుతూ, తర్వాత నవ్వకుండా చెప్పాడు. స్కూటీ నేర్చుకుంటానంటే "ఆ హైవే మీద నువ్వా? నాకు ఆఫీసులో పని సాగదు, భయంతో," అన్నాడు రఘువీర్. ప్రేమగానే అన్నాడు. ఓ సాయంత్రం ఆ మైదానం దగ్గర ఒక బైకు ఆమె పక్కనే, ఆమె నడకతో సమానంగా, చాలాదూరం వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే జవాబేమిటో తెలుసు. మార్చి ఆఖర్న రాజీనామా ఇచ్చింది. కారణం అన్నచోట కుటుంబ కారణాలు అని క్లర్కే రాసేశాడు, అందరు ఆడవాళ్లకీ అలాగే రాస్తాడట.

కమల కూడా టవర్ల పని మానేసింది. ఫోన్ చేస్తే, ఊళ్లోనే ఎవరి ఇంట్లోనో గేదెల దగ్గర కుదిరానంది. "ఇక్కడికి నడిచి వెళ్లొచ్చు దీదీ," అంది.

"ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది," అంది కాంతమ్మ. రఘువీర్‌కి మధ్యాహ్నం వేడి క్యారియరు డెలివరీ కుర్రాడి చేత పంపడం మొదలైంది. అతను ఆఫీసులో అందరికీ గుత్తి వంకాయ కూర రుచి చూపించాడు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఇషిత స్కూలునుంచి వచ్చి, పదకొండో తరగతి ఫారం భోజనాల బల్ల మీద పెట్టింది. "మమ్మా, సైన్ కర్ దో. రేపే ఆఖరు." ఇంటి వెనక గేటు దగ్గరున్న స్కూలు ఫారం అది. అక్కడ కామర్స్ ఒక్కటే ఉంది. కామర్స్ పక్కన గడిలో నీలం సిరాతో టిక్కు ఉంది.

"ఇదేంటే, బయాలజీ అన్నావు కదా?"

"ఉస్ స్కూల్ మే కైసే జావూంగీ?" ఆ స్కూలుకి ఎలా వెళ్తానని. ఫ్రిజ్ తెరిచి సీసా ఎత్తి నీళ్లు తాగుతోంది.

"నాన్నని దింపమందాం. ఏదో ఒక దారి చూద్దాం. ఎవరినడిగి పెట్టావీ టిక్కు?"

"ఎవర్నీ అడగలేదు." ఎప్పుడో గానీ మాట్లాడని తెలుగులో అంది. ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. సీసా మూత బిగిస్తూ తల్లి వైపు చూసి చిన్నగా నవ్వింది. "ఛోడో నా మమ్మా," అంది, వదిలెయ్యమని. "నేను మాత్రం ఎక్కడికెళ్లాలి గనక?"

ఇషిత గదిలోకి వెళ్లి ఫ్యాన్ వేసుకుంది. సుధ ఆ ఫారం ముందు కూర్చుంది. పదిహేనేళ్ల పిల్ల. ఆ మాట ఎవరూ నేర్పలేదు. ఎవరూ నేర్పకుండానే, ఎక్కడా తడబడకుండా, ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోకి.

సంతకం చేయాల్సిన చోట తండ్రి లేదా తల్లి అని అచ్చువేసి ఉంది. సుధ పెన్ను తెరిచింది. మళ్లీ మూత పెట్టేసింది. తను పెట్టకపోతే సాయంత్రం రఘువీర్ వచ్చి పెడతాడు, చదవకుండానే పెడతాడు, పిల్ల రేపు ఆ స్కూల్లోనే చేరుతుంది. అదంతా తెలిసీ, ఆ కాగితాన్ని అతని కుర్చీ ముందుకి జరిపి, తన పేరు రాయకుండా లేచింది.