మైనపు చేతులు

పొద్దున్న చొక్కా కుట్టు భుజాన్ని కొరుకుతున్నట్టనిపించి, విప్పి తిరగేసి తొడుక్కున్నాను. కుట్టు పైకి వచ్చింది. నొప్పి ఉన్నచోటే ఉంది. అప్పుడు దాన్ని గుర్తుపట్టాను. ఆరేళ్ల తర్వాత వచ్చినా ఇంట్లో మనిషిలా, ఏ గది ఎక్కడుందో అడక్కుండా, మెడలోంచి నడుములోకి, నడుములోంచి మడమల్లోకి నడిచిపోయింది. రాత్రి నిద్రపోయాను, కానీ ఎవరికో బదులుగా పోయినట్టుంది.

ఒకప్పుడు నేను నొప్పి అంటే ఈ ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి, నేనొక్కదాన్నే బాగాలేను. చివరికి ఒక డాక్టరమ్మ దానికి ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పింది. పేరు నోరు తిరగక మా అత్తగారు దోన జుల్మీరా దాన్ని ‘అది’ అనేది. చర్చిలో నజరే మాతకు మొక్కుకోమంది. మొక్కుకున్నాను. మందుల వల్లో, మొక్కు వల్లో, ఊరికేనో, కొన్నాళ్లకు అది అణిగిపోయింది. నయమైన అవయవానికి మైనపు బొమ్మ మోసి మొక్కు తీర్చుకోవడం మా ఊళ్లో ఆచారం. ఆ అక్టోబరులో మైనంతో చేసిన చేతుల జత నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, మా బెలేం నగరం వీధుల్లో మాత ఊరేగింపు వెంట నడిచాను. నొప్పిని నమ్మనివాళ్లంతా అది పోవడాన్ని వెంటనే నమ్మారు. అప్పటినుంచి వీధిలో నేను క్లియోనీసిని కాను, మాత మహిమకు సాక్ష్యాన్ని. సాక్ష్యానికి మళ్లీ నొప్పి రాకూడదు.

పెరట్లో పొయ్యి మీద మనిసోబా కూర ఉడుకుతోంది. ఊరేగింపు రోజు భోజనానికి ప్రతి ఇంట్లోనూ ఉండాల్సిందే. రుబ్బిన కర్రపెండలం ఆకు వారం రోజులు ఉడికితే గాని విషం విరగదు. అందాకా ఎవరో ఒకరు కలుపుతూ ఉండాలి. ఈ ఏడు ఆ పని నాది.

“ఏంటి క్లియో, తెడ్డు పట్టుకుని నిలబడే నిద్రపోతున్నావా? అడుగంటుతుంది,” అంది ఇవానీల్డె వదిన, నా భర్త అక్క.

“అది ఇలా ఇవ్వు వదినా.”

“ఏది?”

గిన్నె మీద పెట్టేది. గుండ్రంగా ఉండేది. కళ్లెదుటే ఉంది, పేరు రావడం లేదు. వదిన మూత అందిస్తూ నవ్వింది. “మతి ఎక్కడ తాకట్టు పెట్టావు? నీకంటే మా అమ్మ నయం.”

“మతి కాదు వదినా. అది మళ్లీ వచ్చింది.”

వెల్లుల్లి ఒలుస్తున్న అత్తగారి చేతిలో కత్తి ఆగింది.

“పండగ పనులకి అందరికీ ఒళ్లు నొప్పులే,” అంది వదిన. “నాకు లేవా?”

“ఇవి ఆ నొప్పులు కావు. నేను అబద్ధం చెప్పడం లేదు.”

“నువ్వు అబద్ధమని ఎవరన్నారు? మరి మాత అబద్ధమా?”

మాతా నేనూ, ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే ఈ ఇల్లు ఎవరిని ఎంచుకుంటుందో నాకు తెలుసు. తలొంచుకుని తెడ్డు తిప్పాను. ఒక్కరు నమ్మితే చాలు, ఇవాళ్టికి నిలబడగలను అనిపించింది.

“ఆగండే,” అంది అత్తగారు. “అప్పుడు నువ్వు మోసింది ఏంటి? చేతులే కదా?”

“అవును. ఒళ్లంతటికీ మోసే నిలువెత్తు బొమ్మలు అయిపోయాయి. దుకాణం వాడు చేతులిచ్చి, మాతకి అర్థమవుతుందిలే అన్నాడు.”

“అదీ సంగతి. నొప్పి ఒళ్లంతా, మొక్కు తీర్చింది చేతులకి.”

“ఆ మాత్రం మాతకి తెలీదా అమ్మా? కళ్లజోడు కావాలా ఆవిడకి?” అంది వదిన.

“తెలుస్తుంది. కానీ ఇచ్చినంతకే లెక్క. చేపల అంగడిలో తలకాయ కొని చేపంతా ఇమ్మంటే ఇస్తారా?” అత్తగారు నా వైపు తిరిగింది. “చెప్పమ్మాయ్. చేతులు నొప్పిగా ఉన్నాయా?”

చేతులే ఎక్కువ. గోళ్ల కింద నిప్పు, తెడ్డు చుట్టూ బిగిసిన వేళ్లు విప్పితే విరుగుతాయేమో. ఆ మాట చెబితే కథ మళ్లీ ‘అందరికీ ఉండేవే’ దగ్గరికి పోతుంది. చెప్పకపోతే నొప్పికి ఒక కారణం దొరుకుతుంది. దుకాణం వాడి పొరపాటు. దిద్దుకోగల పొరపాటు. సిగ్గుచేటు ఏమిటంటే, ఒక్క క్షణం నాకూ అదే నిజమనిపించింది. నా చేతులు నొప్పి లేకుండా ఉండాలని నా చేతులనే బతిమాలుకున్నాను.

“చేతులు బాగానే ఉన్నాయి అత్తయ్యా.”

ఆవిడ ముఖం మెత్తబడింది. లేచొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. “మిగతా ఒళ్లంతా బాగా బాధగా ఉందా తల్లీ?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అబద్ధం చెప్పాకే నన్ను నమ్మారు. ఆ చెయ్యి భుజం మీద కాల్చిన ఇనుములా ఉంది. తీస్తుందేమోనని కదలకుండా నిలబడ్డాను. కన్నీళ్లు కారాయి. మాత మీద భక్తి అనుకుంది.

“ఇవానీల్డె, పద. ఈసారి అయిపోకముందే నిలువెత్తు బొమ్మ కొనుక్కొద్దాం. చేతులు బాగున్నాయిగా క్లియో, నువ్వు కలుపుతూ ఉండు.”

“అడుగంటిందో, ఊరేగింపులో బొమ్మ బదులు నిన్నే మోయిస్తాను,” అంది వదిన చెప్పులు వేసుకుంటూ.

వీధి మలుపులో వాళ్ల మాటలు వినబడకుండా పోయేదాకా ఆగాను. వేళ్లు ఒక్కొక్కటిగా తెడ్డు మీంచి ఊడదీసుకున్నాను. తర్వాత దాన్ని రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని, ఒళ్లంతా ముందుకీ వెనక్కీ ఊపుతూ కలపడం మొదలుపెట్టాను.