ముందు తాతయ్యకి

మా టీవీ ప్రసార కేంద్రంలో నా నోటికి జడవనిది పెద్దసారొక్కరే. ఆ రోజు ఆయన తేల్చి చెప్పేశారు.

"వచ్చేవారం ప్రసార పరీక్షలో కొండ వెనక ఇళ్ళకి బొమ్మ అందకపోతే వాళ్ళని వదిలేద్దాం. వాళ్ళ కోసం ఊరందరికీ మసక బొమ్మ చూపించలేం."

ఒళ్ళు మండింది కానీ, ఆయన మాటా నిజమే. బొమ్మ తేటగా ఉండాలని సమాచారం దట్టించి పంపితే, సిగ్నల్ బాగున్న ఇళ్ళకే దక్కుతుంది, కొండచాటు వాళ్ళకి గరగర మిగులుతుంది. తగ్గించి పంపితే అందరికీ మసకే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ కొండ వెనకే అమ్మ పోయాక నన్ను పెంచిన పిన్ని, మంచం దిగలేని తాతయ్య ఉంటారు. సాయంత్రం మా ప్రసారమే వాళ్ళకి లోకం.

ఉక్రోషం పట్టలేక పిన్నికి ఫోన్ చేశాను.

"వచ్చేవారం నాకు పరీక్ష పిన్నీ."

"అమ్మాయికి పరీక్షట!" అని పిన్ని అటు తిరిగి కేకేసింది.

"ఈ వయసులోనా?" అన్నాడు తాతయ్య.

తర్వాత పిన్ని గొంతు తగ్గించి, "ఇప్పుడు చెప్పవే, ఏమిటి సంగతి?" అంది.

మా ఇంట్లో మొదట్నుంచీ అంతే. ఏ కబురైనా ముందు తాతయ్య చెవికెక్కేలా ఒక్క ముక్క గట్టిగా, ఆపైన వివరాలు మామూలుగా. చెవులున్నవాళ్ళకి రెండూ వినిపిస్తాయి. తాతయ్యకి అసలు సంగతి అందుతుంది. మా సిగ్నల్‌నీ అలాగే పంపితే?

మర్నాడే పని మొదలుపెట్టాను. గొంతు, బొమ్మ రూపురేఖలు కొండ వెనక్కీ చేరే గట్టి పొరలో, మెరుగులన్నీ దాని మీద పల్చటి పొరలో.

"ఒకే తరంగంలో రెండు కబుర్లా?" అన్నారు పెద్దసారు.

"మా ఇంట్లో ఎప్పట్నుంచో నడుస్తోంది సార్."

పరీక్షనాడు వార్తలు నేనే చదివాను. ఊళ్ళో బొమ్మ అద్దంలా వచ్చిందన్నారు. కొండ వెనక నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పెద్దసారు కుర్చీలోంచి లేవబోతుంటే నా ఫోన్ మోగింది.

"అమ్మాయి కనపడిందీ!"

అది తాతయ్యకేసిన కేక. పెద్దసారుకీ వినపడింది. ఆయన నవ్వి మళ్ళీ కూర్చున్నారు.

"మొహం మసగ్గానే ఉందనుకో," అంది పిన్ని మెల్లగా. "గొంతు మాత్రం పక్కనున్నట్టే ఉంది. వణికిందేమే, జలుబా?"



"జలుబు కాదు. ఇదంతా నీ చలవే పిన్నీ," అన్నాను.

 పిన్ని అటు తిరిగింది.

"జలుబు కాదట!"