బట్ నంబర్ నూటపద్దెనిమిది

కేశవరావు నాకు చేసిన పని నేను మరిచిపోను. మరిచిపొమ్మని మా పాస్టరుగారు చెప్పారు, మా ఆవిడ బాలకుమారి చెప్పింది, ఆఖరికి కేశవరావు కూడా చెప్పాడు. చెప్పడానికేం, పోయింది వాళ్ల రైఫిలు కాదు.

మేం కెనడాలో, ఎటోబికోలో ఉంటాం. నేను గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. కేశవరావు కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరు. అక్కడి షూటింగ్ క్లబ్బులో ఇద్దరం మెంబర్లం. తుపాకీ లైసెన్సు పరీక్ష నేను రెండోసారికి పాసయ్యాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇంగ్లీషు ప్రశ్నలు గబగబా చదవడం ఎలా వస్తుంది? ఆ రెండోసారి సంగతి క్లబ్బంతా చాటింది కేశవరావే. దానికీ ఊరుకున్నాను.

కేంబ్రిడ్జ్‌లోనే డగ్ అనే ముసలాయన పాత మిలిటరీ సామాన్ల కొట్టు నడుపుతాడు. అక్కడ ఒక త్రీనాట్‌త్రీ రైఫిలు చూశాను. యుద్ధకాలంలో మా ఎటోబికో పక్కనే లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీలో చేసింది. వేటకి తేలిగ్గా ఉంటుందని ఎవడూ దాని చెక్క కోసెయ్యలేదు. బోల్టు మీదా బాడీ మీదా ఒకే నంబరు, అంటే ఏ భాగమూ మార్చలేదన్నమాట. మూడు శనివారాలు గంటపైన కారు నడుపుకుంటూ వెళ్లి చూసి వచ్చాను. నాలుగో శనివారం కొందామనుకుని, ఆ సంతోషం కడుపులో దాచుకోలేక కేశవరావుకి చెప్పాను. శుక్రవారం సాయంత్రమే అతను ఫోన్ చేసి దాన్ని కొనేశాడు.

అడిగితే, "కొంటున్న అని నువ్వెక్కడ చెప్పినవ్ ప్రభుదాసూ? మంచిగుంది అన్నవ్. నీ మాట మీద నమ్మకంతోనే తీసుకున్న," అన్నాడు. పైగా నవ్వాడు.

సెప్టెంబరు మూడో శనివారం క్లబ్బులో పాత మిలిటరీ రైఫిళ్ల రోజు. ఏడాదికి ఒక్కసారే. ఆ రోజుకి నాదంటూ ఒక రైఫిలు చేతిలో లేకపోతే, నేను ఏరుకున్నదాన్ని అతను పేలుస్తుంటే పక్కన నిలబడి చూడాలి. అది మాత్రం నా వల్ల కాదు. ఇంక రెండు వారాలే ఉన్నాయి.

మళ్లీ డగ్ కొట్టుకి బయలుదేరితే బాలకుమారి కూడా కారెక్కింది.

"నన్ను చూసుకోడానికి ఒక్కసారే వచ్చారు. అదీ పది నిమిషాలు. ఇనప గొట్టానికి ఇన్నిసార్లు తిరుగుతున్నారేంటండీ?"

"అప్పుడు నంబర్లు కలిశాయో లేదో చూసుకోవాలని తెలీదు బాలా."

"కలవకపోతే వెనక్కిచ్చేసేవారా?"

"మీ నాన్న తీసుకునేవాడా?"

ఆమె నవ్వుతూ కిటికీలోంచి బయటికి చూసింది.

కొట్టులో మూడు మిగిలాయి. మొదటిది త్రీనాట్‌త్రీయే గాని, ముందు చెక్క సగానికి కోసేశారు. తోక తెగిన కుక్కలా ఉంది. రెండోది రష్యాది. వార్నిషు తళతళలాడుతోంది, చవక కూడా. కానీ దాని బోల్టు కదపడానికి అరచేత్తో గుద్దాలి. మూడోది మూలన ఆనించి ఉంది. నల్లబడ్డ చెక్క, ముందుభాగంలో అడ్డంగా ఒక స్క్రూ. మెడ మీద మన నాలుగు సింహాల ముద్ర. మన ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఇషాపూరులో చేసింది. తిప్పి చూస్తే భుజానికి ఆనించే బట్ చెక్క మీద తెల్ల పెయింటుతో 118 అని ఉంది.

డగ్ దగ్గరికొచ్చి, ఆ పెయింటు ఎవరో పాడు చేశారనీ, థిన్నరుతో తుడిచిస్తాననీ అన్నాడు.

"నో, నో! డోంట్ టచ్!" అని అరిచాను. కొట్టులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

మా నాన్న బందరులో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులు. అక్కడ రైఫిలుకి పేరుండదు, బట్ నంబరే ఉంటుంది. ఆ నంబరు మనిషి పేరు పక్కన రాస్తారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "అరవైమూడుకి తుప్పు మరక తగిలిందే," అని అమ్మతో చెప్పేవాడు, ఇంట్లో పిల్లాడికి జ్వరం తగిలినట్టు. ఇది అరవైమూడు కాదు. మా నాన్న చెయ్యి దీనికి తగిలుండదు. అయినా ఎవడో ఒకడు దీని గురించి కూడా ఇంట్లో అలాగే చెప్పుకుని ఉంటాడు కదా.

బోల్టు తీసి, వెనకవైపు బొటనవేలి గోరు పెట్టి, వెలుతురు గోరు మీద పడేలా తిప్పి, గొట్టంలోంచి చూశాను. నాన్న అలాగే చూసేవాడు. లోపల మెలికలు పదునుగా, శుభ్రంగా ఉన్నాయి. నంబర్లు కలిశాయి. డగ్ దాని మోడలు గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. సరే సరే అని తలూపాను. పోలీసు రైఫిలు గురించి నాకు ఇంకొకడు చెప్పేదేంటి?

"ఇదేనా?" అంది బాలకుమారి.

"ఇదే."

"మొహం చూస్తేనే తెలుస్తోందిలెండి. డబ్బులు కట్టండి, ఆకలేస్తోంది."

ఆ సోమవారం షిఫ్టు అయ్యాక ఎటోబికోలో ఒక కొట్టుకి వెళ్లి తూటాలు అడిగాను. త్రీనాట్‌త్రీ అయిదు పెట్టెలే ఉన్నాయన్నాడు. అయిదూ తెచ్చుకున్నాను. రెండు వారాలూ సాయంత్రం పూట నూటపద్దెనిమిదిని ఒళ్లో పెట్టుకుని నూనె రాసి తుడిచాను. ఏళ్ల తర్వాత నాకు కోపం లేని రెండు వారాలు అవి. గోడౌనులో సూపర్‌వైజరు కూడా మనిషిలా కనిపించాడు.

శనివారం వచ్చింది. ఎండ పల్చగా ఉంది. క్లబ్బులో పదిహేను మందిదాకా వచ్చారు. నా పక్క బల్ల దగ్గరే కేశవరావు, అతని చేతిలో లాంగ్ బ్రాంచ్. దాన్ని చూడకుండా కూర్చున్నాను. రేంజ్ ఆఫీసరు, ఎర్ర టోపీ ముసలావిడ, మొదలుపెట్టమంది. తూటా పెట్టి బోల్టు తోశాను. సగంలో ఆగింది. వెనక్కి లాగి మళ్లీ తోశాను. ఆగింది.

ఆవిడ వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. తూటా తీయించి, గొట్టం మీద రాసింది వేలుతో చూపించింది. 7.62. పెట్టె మీద .303. లైసెన్సు కోర్సులో మొట్టమొదట నేర్పేది అదే: గొట్టం మీదిదీ తూటా మీదిదీ ఒకటేనా చూసుకోమని. నేను రెండుసార్లు నేర్చుకున్నాను కూడా.

కేశవరావు తల సాచి చూశాడు. "ఏంది ప్రభుదాస్? అడుగున మ్యాగజీన్ పెట్టె చూడరాదా, నలుచదరంగ లేదూ? త్రీనాట్‌త్రీకి ఏటవాలుగ ఉంటది. పోలీసాయన కొడుకువి, గింత తెల్వదా?"

మా పోలీసు లైన్లలో భుజానికి వేలాడే చెక్క తుపాకీ ఏదైనా త్రీనాట్‌త్రీయే. అమ్మ అదే అనేది, కూరగాయలమ్మి అదే అనేది. ఇషాపూరువాళ్లు తర్వాత అదే ఆకారంలో వేరే తూటాకి చేశారని మాకెవరు చెప్పారు? డగ్ చెప్పాడు. నేను వినలేదు.

ముసలావిడ క్లబ్బు బీరువాలోంచి నా రైఫిలుకి సరిపడే ఇరవై తూటాలు ఇప్పించింది. మొదటిది పేల్చినప్పుడు భుజం మీద ఎవరో చరిచినట్టయింది. పది కాల్చాక గురి అట్ట తెప్పించి చూస్తే, ఏడు దెబ్బలు అరచెయ్యి పెడితే మూసుకుపోయేంత దగ్గరగా ఉన్నాయి. ముసలావిడ ఈలేసింది. బట్ మీద నంబరేమిటని అడిగింది. వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది.

తిరిగి చూస్తే కేశవరావు ఖాళీగా కూర్చున్నాడు.

"ఏం, కాల్చట్లేదా కేశవరావు గారూ?"

"ఆరే తూటాలుండె, అయిపోయినయ్. కేంబ్రిడ్జ్ మొత్తం వెతికిన, ఒక్క పెట్టె దొర్కలె. మీ ఎటోబికోకి గూడ ఫోన్ చేసిన. ఎవడో ఉన్న అయిదు పెట్టెలూ ఎత్తుకపోయిండంట." అతని చూపు నా బల్ల మీద ఆగింది. "నువ్వేనా?"

"నేనే."

"నీకెట్లాగూ పనికిరావు. కొట్టోడు వాపస్ తీసుకోడు. ఎంత పెట్టినవో చెప్పు, పైసాతో సహా ఇచ్చేస్త."

డబ్బు పంపడానికి ఫోన్ తీశాడు కూడా. ఆలోచించాను. డబ్బు తీసుకుంటే అతను కొన్నవాడవుతాడు, నేను అమ్మినవాణ్ణవుతాను, ఇద్దరం చెల్లుకు చెల్లు. అలా చెల్లిపోవడం నాకు ఇష్టం లేదు. నా రైఫిలు లాక్కున్నవాడు జీవితాంతం నా తూటాలు పేల్చాననుకోవాలి. అయిదు పెట్టెలూ అతని బల్ల మీదకి తోశాను.

"ఉంచుకోండి. నాకొద్దు డబ్బు."

"అరే, గట్లెట్ల? తీసుకో."

"వద్దన్నానుగా. చర్చికి పోయేవాణ్ణి, మాట మార్చను."

అతని మొహం చూడాల్సిందే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నూనె వాసన పీల్చుకుంటూ నూటపద్దెనిమిదిని తుడుస్తుంటే, తూటాల కొట్టు రసీదు చేత్తో పట్టుకుని బాలకుమారి వచ్చింది. తూటాలేవని అడిగింది, చెప్పాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని రసీదు పైకి చదివింది: టాక్సుతో కలిపి మూడువందల అరవై ఏడు డాలర్ల ఇరవై అయిదు సెంట్లు.