సంస్కృతం ర్యాకు వెనక

యూనివర్సిటీ లైబ్రరీలో మహేశ్వరి కౌంటర్ ముందు బారెడు క్యూ. వీణ దాన్ని కన్నెత్తి కూడా చూడకుండా ముందుకొచ్చేసింది.

"మహీ, ఆ చరిత్ర పుస్తకం నా టేబుల్‌ దగ్గరికి పంపించవే. లైన్లో నిలబడే తీరిక నాకెక్కడిది?"

గుఢియారీ పేటలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, ఎమ్మేలో ఒకే బెంచీ. ఇప్పుడు అది పీహెచ్‌డీ చేస్తున్న కాబోయే డాక్టరమ్మ, తను పుస్తకాలు మోసే మనిషి! మహేశ్వరికి ఒళ్లు మండింది.

"ఎవరో తీసుకెళ్లారు" అని అబద్ధమాడి, ఎవరూ తొంగిచూడని సంస్కృత వ్యాకరణం ర్యాకు వెనక ఆ చరిత్ర పుస్తకాన్ని దాచబోయింది. లైబ్రరీలో చోటు మారిన పుస్తకం ఇక దొరకనట్టే.

అక్కడ అప్పటికే ఒక పుస్తకం దుమ్ముకొట్టుకుపోయి ఉంది. ఎమ్మే పరీక్షలప్పుడు తను ఏడుస్తూ వెతికిన పుస్తకమే. తెరిస్తే, లోపల వీణ ఎమ్మే హాల్‌టికెట్.

"దీని దుంపతెగ! ఇందులోనూ నాకంటే ముందే!"