అంతా పల్లమే

పోస్టు మావయ్య చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ ముత్యాలతోనే ఆయన ఒక కార్డు మీద ఇలా రాసి పంపాడు: ‘కొండ మీది ఊరికీ నది వంతెనకీ మధ్య పద్నాలుగు కిలోమీటర్లు. కంకర దారి. అంతా పల్లమే. తొక్కనక్కర్లేదు, సీటు మీద కూర్చుంటే చాలు.’

ఆ కార్డు అందుకున్నది ఒక అమ్మాయి. సైకిలు మీద ఊళ్లు తిరిగేవాళ్ల కోసం దారుల పుస్తకాలు తయారుచేయడం ఆమె పని. ఈ నది లోయలో కొండల మీదుగా పోయే కంకర దారులన్నీ స్వయంగా తొక్కి చూసి, నచ్చినవాటికి తలా ఒక పేజీ ఇస్తుంది. మావయ్యకు ఆ పేజీ కావాలి. ఎంతగా కావాలంటే, పది రోజులుగా కంచం ముందు కూర్చున్నా అదే మాట, పక్క మీద వాలినా అదే మాట.

దానికి కారణం వంతెన దగ్గర టౌన్ ఆఫీసువాళ్లు అంటించిన కాగితం. ఎవరూ తిరగని దారులను లెక్కలోంచి తీసేసి, వానలు వెలిశాక కంచె వేసి మొక్కలు నాటుతారట. ఆ జాబితాలో ఏడోది మావయ్య దారి. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఉత్తరాల సంచి మోసిన దారి అది. ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంటే అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

“ఏదైనా పుస్తకంలో పడితే వాడుకలో ఉన్నట్టేనండీ. జాబితాలోంచి కొట్టేస్తాం.”

పుస్తకం సంగతి చెప్పింది కోడలు. వంతెన పక్కనున్న స్టేషను ఎదురుగా ఆమెకు సైకిళ్ల కొట్టుంది. గోడంతా వేలాడే ట్యూబులు, మూల పంక్చర్లు వెతికే నీళ్ల తొట్టి, ఎంత తోమినా గోళ్లలోంచి వదలని గొలుసు నూనె. ఈమధ్య గ్రావెల్ సైకిళ్లు కూడా తెప్పిస్తోంది. టైర్లు లావు, హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా వంపు తిరిగి ఉంటుంది, రాళ్ల మీద కూడా నడుం విరగదు.

ఇక ఈ ప్రయాణంలో మూడో మనిషి కోడలి తల్లి, అంటే మావయ్యకు వియ్యపురాలు. లెక్కల టీచరుగా రిటైరై, నాలుగు నెలల క్రితమే కూతురి దగ్గర సైకిలు నేర్చుకుంది. ‘అంతా పల్లమే’ అన్న మాట చెవిన పడగానే తానూ వస్తానని బయల్దేరింది.

“అన్నయ్యగారూ, నిజంగా పల్లమేనా?” అని మాత్రం ఒకసారి అడిగింది.

“నా మాట మీద నమ్మకం లేదా చెల్లెమ్మా? కళ్లు మూసుకుని రావచ్చు.”

“తెరుచుకునే వస్తాను. వియ్యాలవారి మాటకి అంతకన్నా మర్యాద ఇవ్వలేను.”

ఇక్కడ మావయ్య వైపు న్యాయం కూడా కొంచెం చెప్పుకోవాలి. ఆయన అబద్ధాలకోరు కాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పొద్దున్నే ఐదున్నరకి టపా బస్సు కొండ వెనకవైపు తారు రోడ్డు మీదుగా ఆయన్నీ, సైకిల్నీ కొండ మీది ఊళ్లో దింపేది. అక్కడినుంచి మూడు పల్లెల్లో ఉత్తరాలు పంచుకుంటూ కిందికి జారడం, మధ్యాహ్నానికి వంతెన దగ్గర సంచి అప్పజెప్పడం, అంతే. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క రోజు కూడా ఆ దారి ఎక్కలేదు. దిగినవాడికి అది ఎక్కే దారి కూడానని తెలియదా అంటే, తెలుసు. కానీ ఎన్నడూ చేయని పని మనిషి లెక్కలోకి రాదు.

పుస్తకం అమ్మాయి రైలు దిగింది. బక్కపలచని మనిషి, సైకిలుకు మూడు సంచులు. కొట్టు ముందు నిలబడి తన నియమం చెప్పింది.

“నా పుస్తకంలో ప్రతి దారీ స్టేషను దగ్గరే మొదలవ్వాలండీ. వచ్చేవాళ్లు రైల్లోనే వస్తారు కదా. ఇక్కణ్ణుంచి పైకి వెళ్దాం.”

“ఎటునుంచైనా దారి దారే కదమ్మా,” అన్నాడు మావయ్య ధీమాగా. కోడలు ఏదో అనబోయి, మామగారి మొహంలో ఆనందం చూసి, టైర్లలో గాలి కొట్టింది.

మొదటి కిలోమీటరు నది పక్కన చదునుగా సాగింది. మావయ్య ముందుండి ఈల వేశాడు. రెండో కిలోమీటరులో ఈల ఆగింది. మూడో దాంట్లో మావయ్య ఆగాడు.

“సీటు మీద కూర్చుంటే చాలన్నారు,” అంది టీచరమ్మ, దిగి సైకిలు తోస్తూ.

“గాలి ఎదురుగా ఉంది చెల్లెమ్మా.”

ఆకు కూడా కదలడం లేదు. పుస్తకం అమ్మాయి చిన్న నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. ఆ రాతేమిటోనని మావయ్య మెడ సాచి చూశాడు. కంకర చక్రాల కింద పళ్లు కొరుకుతోంది. తల ప్రాణం తోకకు వచ్చేలోపు మొదటి పల్లె వచ్చింది, పల్లెతో పాటు కుక్కా వచ్చింది.

పల్లె మొదట్లో గేటున్న ఇంటి కుక్కలకు మావయ్యంటే తరతరాల పగ. ఈయన రివ్వున దిగిపోవడం, అది గేటు దాకా వెంటబడి ఓడిపోవడం, ఇదీ ఆనవాయితీ. ఇప్పుడున్నది మనవడో, మునిమనవడో, కోరలు చూపిస్తూ దూకింది. మావయ్య ప్రాణాలు అరచేత పట్టుకుని తొక్కాడు. ఎంత తొక్కినా సైకిలు నడక కన్నా నెమ్మది. కుక్క ఇటు దూకి, అటు దూకి, ఈ మనిషి పారిపోవడం లేదని గ్రహించి, విసుగొచ్చి మొరగడం మానేసింది. తర్వాత పక్కన నడుచుకుంటూ అర కిలోమీటరు సాగనంపి వెళ్లింది. టీచరమ్మ నవ్వుతో సైకిలు పట్టుకోలేక గట్టు మీద కూలబడింది.

అసలు ప్రమాదం రెండో పల్లె దాటాక ఎదురైంది. దారి రెండుగా చీలింది. మావయ్య బిత్తరపోయాడు. ఇక్కడ చీలిక ఉన్న సంగతే ఆయనకు తెలియదు. పైనుంచి వచ్చేవాడికి పక్కనుంచి ఇంకో బాట వచ్చి కలిసినట్టు కూడా అనిపించదు, చక్రం దాని దారిన అది పోతుంది. కిందనుంచి వచ్చేవాడికే ఎటు అన్న ప్రశ్న.

“ఎటండీ?” అంది పుస్తకం అమ్మాయి.

“ఎడమకి,” అన్నాడు, మొహం మీద చెమట తుడుచుకుంటూ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఆ మాట మీదే అందరినీ ముక్కాలు కిలోమీటరు నడిపించాడు. బాట ఒకామె బట్టలు ఆరేసిన తీగల మధ్యకు వెళ్లి ఆగిపోయింది. దుప్పట్ల మధ్యలోంచి ఆమె తల బయటపెట్టి, ఈయన్ని గుర్తుపట్టింది.

“అయ్యో, రిటైరయ్యారన్నారే. నాకేమైనా ఉత్తరం ఉందా?”

తిరిగి చీలిక దగ్గరికి వచ్చేసరికి మావయ్య మొహం చిన్నబోయింది. ముప్పై ఒక్క ఏళ్ల దారి. తన ఇంటికన్నా ఎక్కువ తెలుసనుకున్న దారి. పరాయి అమ్మాయి ముందు తనను గుర్తుపట్టనట్టు నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి చెమటలో కలిసిపోవడం ఒకటే అదృష్టం.

టీచరమ్మ అది చూసింది. వేళాకోళం పక్కనపెట్టింది.

“అన్నయ్యగారూ, లెక్క కరెక్టో కాదో చూడాలంటే ఏం చేస్తాం? జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి చేసుకొస్తాం. మీరు ఇటు తిరగండి.”

భుజాలు పట్టుకుని ఆయన్ని నది వైపు తిప్పింది. మావయ్య చూశాడు. కింద నది వంపు, దాని మీద వంతెన, కుడి చేతి పక్కన బల్లలా పరుచుకున్న నల్లరాయి. ఆ రాయి మీద కాగితం పెట్టించి రిజిస్టరు ఉత్తరాలకు ఎన్ని వందల సంతకాలు తీసుకున్నాడో. ఎక్కుతూ వచ్చినప్పుడు దాని వీపే కనబడింది, అందుకే గుర్తుపట్టలేదు.

“సంతకాల రాయి. దీన్ని కుడిపక్కన ఉంచుకునే దిగేవాణ్ణి. అంటే నేను వచ్చేది... అదిగో, ఆ దారిన,” అంటూ అలాగే వెనక్కి వెనక్కి నడిచి సరైన బాటలో పడ్డాడు.

అక్కణ్ణుంచి ప్రతి చీలిక దగ్గరా ఇదే తంతు. మావయ్య సైకిలు దిగి, నదికి ఎదురుగా నిలబడి, వెనక్కి అడుగులేస్తూ దారి చెప్పేవాడు. ఆయన పడిపోకుండా టీచరమ్మ వీపు మీద చెయ్యి వేసి తోసేది.

“తాటిచెట్టు ఎక్కేవాణ్ణి ఎందాకని ఎగదోస్తాం అంటారు. మిమ్మల్ని మాత్రం కొండ చివరిదాకా తోస్తున్నాను. ఇంటికెళ్లాక ఈ సాయం సంగతి మా అమ్మాయికి చెప్పండి.”

కొండ మీది ఊరు చేరేసరికి పన్నెండయింది. పుస్తకం అమ్మాయి నోట్‌బుక్కు మూసింది.

“మన్నించండి మావయ్యగారూ. మీరు రాసినదాంట్లో ఒక్క ముక్కా నిజం కాదు. నేను దీన్ని పుస్తకంలో వేయలేను.”

మావయ్య సైకిలు చక్రం కిందివైపు తిప్పాడు. “దిగుదాం అమ్మా. కింద చెప్పండి ఆ మాట.”

దిగారు. ఇక దాన్ని ఏమని చెప్పేది. మొదటి మలుపులోనే మావయ్యకు ఇరవై ఏళ్లు తగ్గాయి. “ఇది టోపీ మలుపు, తలలు పట్టుకోండి,” అన్నాడు, అనడమే ఆలస్యం లోయ గాలి పక్కనుంచి వచ్చి కొట్టింది. అమ్మాయి నోట్లోంచి నవ్వు దానంతట అదే బయటపడింది. వెనక టీచరమ్మ బ్రేకుల మీద కన్నా ఎక్కాల మీద నమ్మకంతో వస్తోంది. భయం వేసినప్పుడు పదిహేడో ఎక్కం చదవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. సైకిలు వేగం పెరిగినకొద్దీ ఎక్కం వేగం, గొంతూ పెరిగాయి. సంతకాల రాయి దగ్గర పదిహేడు ఏడులు నూట పంతొమ్మిది అంది. ఆ తర్వాతది, నలభై ఏళ్లు పిల్లలకు నేర్పినది, రాలేదు. నూట, నూట అంటూ పల్లె దాటింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టి ఇక ఆపలేకపోయింది. గేటు దగ్గర కుక్క న్యాయంగా వెంటబడి, న్యాయంగా ఓడిపోయి, తోక ఊపింది. నది పక్కకి వచ్చేసరికి ముగ్గురూ ఊపిరాడక నవ్వుతున్నారు.

వంతెన దగ్గర ఆగి సైకిళ్లు దిగారు.

“నూట ముప్పై ఆరు,” అంది టీచరమ్మ.

పుస్తకం అమ్మాయి నోట్‌బుక్కు తెరిచింది. “పేజీ వేస్తాను. ఎక్కడమూ రాస్తాను, దిగడమూ రాస్తాను. కానీ ప్రతి చీలిక దగ్గరా బాణం గుర్తు ఉండాలి. రంగు నేను పంపిస్తాను, మీరు వేయాలి.”

మావయ్య వేశాడు. రెండు రోజులు, నలభై మూడు రాళ్లు, పసుపు రంగు బాణాలు, ముత్యాల్లా. కోడలు చూడటానికి వెళ్లి, తలపట్టుకుని వచ్చింది. మామగారు అలవాటు కొద్దీ బస్సులో పైకి వెళ్లి, దిగుతూ వేశాడు. నలభై మూడు బాణాలూ కొండవైపు మొహాల మీదే ఉన్నాయి. కిందనుంచి ఎక్కేవాడికి ఒక్కటీ కనబడదు.

మళ్లీ వేస్తానని మావయ్య కుంచె తీశాడు. ఫోనులో సంగతి విన్న పుస్తకం అమ్మాయి మాత్రం వద్దంది. పేజీలో ఒక వాక్యం చేర్చింది: ‘ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా రాళ్లు దాటి వెనక్కి తిరిగి చూడండి. బాణం మీకు ఎదురుగా ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు.’

వానలు వెలిశాక టౌన్ ఆఫీసు గుమాస్తా స్వయంగా చూడటానికి వచ్చాడు. ఒక్క పూటలో పంతొమ్మిది సైకిళ్లు దాటాయి. ఎక్కేవాళ్లంతా ఆగి ఆగి వెనక్కి చూస్తున్నారు.

“వీళ్లనెవరైనా తరుముతున్నారాండీ?” అని అడిగి, జవాబు వినకుండానే జాబితాలో ఏడోదాన్ని కొట్టేశాడు.

ఆ సాయంత్రం కొట్టు మెట్ల మీద కూర్చుని మావయ్య మెల్లగా అన్నాడు, “ఇన్నేళ్లూ ఆ దారంతా నాకు తెలుసనుకున్నాను చెల్లెమ్మా. సగమే తెలుసు.”

“మిగతా సగం ఎప్పుడు నేర్చుకుంటారు?”

“రేపు పొద్దున్న. బస్సెక్కను.”

“అయితే నేనూ వస్తున్నాను,” అంది టీచరమ్మ, తన సైకిలు టైరు నొక్కి చూసుకుంటూ. “మీరెలాగూ వెనక్కే చూస్తారు. ముందు చూడటానికి ఒకరు ఉండాలిగా.”