ఊదని కొమ్ము

నేను ఒక ఎద్దు కొమ్మును. పదకొండేళ్ళు ఎద్దు తలమీద ఉన్నాను, ఆ తర్వాత మనుషుల నడుములకు వేలాడాను. నా అలసటంతా ఈ రెండో ఉద్యోగంలో వచ్చిందే.

ఇది పదమూడు వందల యాభై ఏళ్ళ కిందటి మాట. ఇంగ్లండు తూర్పు భాగంలో లిండ్సీ అని ఒక చిత్తడి నేల. ఉత్తరాన నార్తంబ్రియా రాజు, దక్షిణాన మెర్సియా రాజు. చలిరాత్రి ఇద్దరు చెరోవైపు లాక్కునే దుప్పటి ఎలా ఉంటుందో, లిండ్సీ అలా ఉండేది. ఈ ఏడు తాము ఎవరి రాజ్యంలో ఉన్నామో జనం పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకునేవారు.

నన్ను తయారుచేసినవాడు హునా, పందులు మేపుకునే మనిషి. మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, లోపలి ఎముక లాగేసి, కొన కోసి, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో బెజ్జం పెట్టాడు. సరదాకి కాదు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది, రెండు రాజ్యాల్లోనూ అదే. పరాయి మనిషి బాట వదిలి అడవిలోకి వస్తే కేకైనా వెయ్యాలి, కొమ్మైనా ఊదాలి. రెండూ చెయ్యనివాడు దొంగ. వాణ్ణి చంపితే అడిగేవాడుండడు. రాజులు మాత్రం వేలమందిని వెంటేసుకుని బాట మీదే, బాకాలు ఊదించుకుంటూ పక్క రాజ్యంలోకి పోయేవారు. కాబట్టి వాళ్ళలో ఎవరూ దొంగలు కారు.

ఆ ఏడు మా ఊరి వాగుకి ఇవతలి ఒడ్డు మెర్సియా చేతికొచ్చింది, అవతలిది నార్తంబ్రియా కిందే ఉండిపోయింది. కొత్త దొర వస్తూనే, తన మనుషులెవరూ వాగు దాటకూడదన్నాడు. హునాను సైన్యం బరువులు మోయడానికి పట్టుకుపోయారు. ఇంట్లో మిగిలింది అతని భార్య టెట్టా, ఐదు నెలల కొడుకు బోటా, గూటానికి వేలాడుతూ నేను. టెట్టాకి నిండా ఇరవై ఏళ్ళు లేవు.

పిల్లాడికి జ్వరం పట్టుకుంది. మూడు రోజులు దిగలేదు. రొమ్ము నోట్లో పెడితే చప్పరించే ఓపిక కూడా లేదు. మందు తెలిసిన మనిషి టెట్టా తల్లి ఒక్కతే. ఆమె ఊరేమో వాగుకి అవతల. జోల పాడీ పాడీ టెట్టా గొంతు పూర్తిగా పోయింది. తెల్లారగానే బిడ్డను గుడ్డలో చుట్టి, నన్ను నడుముకి కట్టుకుంది. పొరుగావిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వెళ్ళకే తల్లీ. బాటంతా దొర గుర్రాలే."

"అడివిలోంచి పోతా," అంది టెట్టా గుసగుసగా.

"ఈ గొంతుతోనా? కేకెట్టా వేస్తావే?"

టెట్టా నన్ను చూపించింది.

"అది ఊదితే బాటదాకా వినపడుద్ది. దొర మనుషులు నిన్ను ఈడ్చుకొస్తారు."

"ఊదకపోతే అవతలోళ్ళు పొడుస్తారు."

"అదేగా నే చెప్పేది, వెళ్ళకే!"

టెట్టా ఆమెను పక్కకి జరిపి నడిచింది.

పొగమంచు. మోకాలిలోతు నీళ్ళలో వాగు దాటి, బాట తప్పించి, చెట్లలోకి జొరబడ్డాం. అప్పటిదాకా పడి ఉన్న బోటా మూలగడం మొదలెట్టాడు. వెనక, వాగు అవతల, గుర్రం సకిలించింది. టెట్టా గబుక్కున బిడ్డ నోరు మూసింది. బిడ్డ మెలికలు తిరిగాడు. ఆమె ఇంకా గట్టిగా అదిమింది.

ఎదురుగా పుల్ల విరిగింది. పొదల్లోంచి రెండు ఈటెలు, వాటి వెనక ఇద్దరు మనుషులు. ఉత్తరాది రాజు అడవి కాపలాదార్లు.

ఆమెకు మిగిలింది నేనే. చూపు నామీద పడింది. బిడ్డ నోటిమీది చెయ్యి తీసింది. కానీ నన్ను అందుకోలేదు. నా మోత గుర్రాలదాకా పోతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

బిడ్డ దగ్గర్నుంచి ఏ చప్పుడూ రాలేదు.

టెట్టా వాడి మొహంలోకి చూసింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. అప్పుడు వాడు ఊపిరి లాగి, ఒళ్ళంతా ఎర్రబడేలా ఏడ్చాడు. చెట్లమీది కాకులు లేచాయి. ఆ ఏడుపు వాగు దాటేంత పెద్దది కాదు.

పెద్దవాడు రెండోవాడి ఈటె పట్టుకున్నాడు. "ఆగు అల్లుడా."

"ఏం మావా? కొమ్ము నడుముకి కట్టుకుని కూడా ఊదలేదు. దొంగే ఇది."

"కేక వినపళ్ళా నీకు?"

"అది పిల్లోడి ఏడుపు!"

"కేక పెద్దోళ్ళే వెయ్యాలని ఎవరన్నారు? వచ్చింది ఇద్దరు. ఒకడు వేశాడు."

"అట్టాగైతే రేప్పొద్దున ప్రతి దొంగా ఓ పిల్లోణ్ణి చంకనేసుకొస్తాడు."

"రానియ్. పిల్లోణ్ణెత్తుకుని దొంగతనం చేసేవాడుంటే వాడికి దణ్ణం పెడతా. నువ్వు నీ కూతుర్ని ఒక్క పూటైనా ఎత్తుకున్నావుట్రా?"

అల్లుడు ఈటె దించాడు. పెద్దాయన టెట్టా వైపు తిరిగి, "పోమ్మా. వాణ్ణి ఏడవనియ్. మా వాళ్ళు ఇంకా ఉన్నారు దారిలో," అన్నాడు.

దారంతా వాడు ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది, చప్పుడు లేకుండా.

ఊరు చేరగానే టెట్టా తల్లి గుడ్డ విప్పి చూసింది. బిడ్డ చెంపమీద నాలుగు వేళ్ళు.

"ఏందే ఇది?"

"నా చెయ్యే."

ముసలావిడ నన్ను వేన్నీళ్ళతో కడిగి, కొనకు చిన్న బెజ్జం ఉన్న మెత్తటి తోలుముక్క కట్టి, మందాకు కాచిన మేకపాలు పోసింది. బిడ్డ నోట్లో ఒక్కో చుక్కా పడింది. మొదట బయటికి కారిపోయింది, తర్వాత గుటక వినిపించింది. జ్వరం నాలుగోనాటికి దిగింది. చెంపమీది గుర్తులు వచ్చిన సాయంత్రమే పోయినా, టెట్టా నెలల తరబడి ఆ చెంప తడిమి చూసుకునేది.

వసంతంలో రాజులు మళ్ళీ కొట్టుకున్నాక, వాగుకి రెండు ఒడ్లూ ఒకరివే అయ్యాయి. హునా కుంటుకుంటూ తిరిగొచ్చాడు. నన్ను మళ్ళీ ఎవరూ ఊదలేదు, బోటాకి పాలు పట్టడానికే వాడారు. పగులు వచ్చాక బురదలో పారేశారు.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద చీటీమీద "యుద్ధరంగంలో ఊదిన కొమ్ము" అని ఉంటుంది. సరిదిద్దే ఓపిక నాకు లేదు. నా కొన దగ్గర సన్నటి గాట్లు ఉన్నాయి, ఎలుకలు కొరికినవని రాసుకున్నారు. ఎలుకలు కావు. అవి బోటా ముందు పళ్ళు, కింద రెండు, పైన ఒకటి. వాడు బతికాడు, పళ్ళు మొలిచాయి, నన్ను కొరికాడు.