సగంలో ఇరుక్కున్న తిట్టు

“ఒరే గంగులూ! నీ వలలో సేప కాదు గదా, పీతైనా పడదురా!”

కూర్మమ్మ అరుపు వీధి చివరిదాకా పోయింది. ఎదురింటి గుమ్మంలోంచి మరిది గంగులు ఊరుకుంటాడా? “నీ నోరు పడిపోనూ! నీ గంపలో సేపల్ని ఈగలు కూడా ముట్టవే వదినా!”

అరుగు మీద కూర్చున్న హేమ చేతిలో ఈ-రీడర్ వేడెక్కింది. రెండు కొత్త పుస్తకాలు చేరాయి. ఆ వీధిలో ఎవరేం తిట్టినా పుస్తకమై అందులోనే వచ్చి పడేది మరి.

“అమ్మా, పొట్టిగా తిట్టవే. ఛార్జింగ్ దిగిపోతంది!”

“ఆ మాట ఆడికి సెప్పు!”

హేమ బాధ హేమది. ఎల్లుండి గరివిడిలో ఓ బడిలో టీచరు ఉద్యోగానికి పరీక్ష. చదవాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. తిత్లీ తుపాను స్తంభాలు పడగొట్టాక ఊళ్లో కరెంటు లేదు. కోటబొమ్మాళి పోయి, జనరేటరు దగ్గర నిండా ఎక్కించుకొస్తే, పది పేజీలు తిప్పేలోగా ఖాళీ. పేజీ తిరగడం చూస్తే ఎద్దుబండి నయం.

ఆ పూట కోటబొమ్మాళిలో సెల్‌ఫోన్లు బాగుచేసే హరిబాబుకి చూపించింది.

“పుస్తకం సేరినప్పుడల్లా ఇది మాటమాటకీ గుర్తు రాసుకుంటాది. రేపు వెతికితే దొరకాలి గదా! రాయడం అయిపోతే పడుకుంటాది. నీది పడుకోట్లేదమ్మా. ఏదో ఒకటి మింగుడు పడక, మళ్లీ మళ్లీ మొదట్నించీ రాస్తన్నాది. అర్థంలేని మాటేదో కొట్టి వెతుకు. గుర్తు రాయనిదేదో అదే సెప్తాది.”

హేమ ‘ఙఞఙఞ’ అని కొట్టింది. అది దొరకలేదు గానీ, కింద ఓ వరుస కనబడింది. గుర్తు రాయనిది ఒకటి. మూడేళ్ల నాటిది. తెరిస్తే, అమ్మ మాటే: “ఒరే గంగులూ, నీ మొకం మండా...” తర్వాత ఖాళీ. తుడిచేసింది. మళ్లీ వచ్చింది.

ఊరికి తిరిగొచ్చేసరికి బ్యాటరీ తొమ్మిది శాతం. ఎన్నడూ గొంతెత్తని హేమ వీధి మధ్యలో నిలబడి అరిచింది. “సిన్నాన్నా, రా ఇలా! అమ్మా, నువ్వూను! ఈ తిట్టు సగంలో ఎందుకాపేసినావే?”

గంగులు పళ్లు నూరాడు. “నా పడవ పగిలిన రోజది. ఆకలేసి మీ గుమ్మం ఎక్కినాను. నా మొకం మండాలంది. అక్కణ్నించే తిరిగొచ్చేసినాను. ఇంకేటి మిగిలింది?”

“మొత్తం ఇన్నావేట్రా?” కూర్మమ్మ ఊగిపోయింది. “సగం ఇని, మూడేళ్లు నా మీద పడి ఏడిసినావు!”

“అయితే మిగతాది సెప్పు!”

“సెప్పను!”

తొమ్మిది ఎనిమిదైంది. కూర్మమ్మ ఆ అంకెను చూసింది, కూతురి మొహం చూసింది. మరిది వైపు తిరిగి, కొట్టేటట్టు చెయ్యెత్తి అంది:

“ఒరే గంగులూ, నీ మొకం మండా... పులుసు సల్లారిపోతంది, కూకోరా!”

ఈ-రీడర్ చల్లబడింది. హేమ వేలు తగిలీ తగలగానే పేజీ తిరిగింది. అంకె ఎనిమిది దగ్గరే ఆగింది.

“పులుసు ముందు సెప్పొచ్చు గదా, మొకం ఎందుకు?” గంగులు గొణిగాడు.

“మొకం లేకండా పులుసు దేంతో తాగుతావురా?”

గంగులు పెళ్లాం తులసిని కేకేశాడు. నలుగురూ కూర్మమ్మ ఇంట్లో చాప మీద కూర్చున్నారు. “ముల్లు సూసుకో, సచ్చినోడా,” అంటూ కూర్మమ్మ పెద్ద ముక్క వాడి కంచంలో పడేసింది. హేమ కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ, ఎడమచేత్తో పాఠం తిప్పుకుంటూ తినసాగింది.